ఏ కోర్సులు తీసుకోమంటావు మావయ్యా?

ఆగస్టు నెల వచ్చిందంటే మన ఇళ్ళలో ఫోను మోగడం ఎక్కువవుతుంది. విజయవాడ నించో, వరంగల్లు నించో బయలుదేరిన అక్కయ్యగారి అబ్బాయి, బావమరిదిగారి అమ్మాయి, కాకపోతే ఊళ్ళో పక్కింటివారి పిల్లవాడు ఎమ్మెస్ చదవడానికి వచ్చి దిగుతారు. విమానాశ్రయానికి వెళ్ళి తీసుకురావడం, పరుపు, బియ్యం, కుక్కరు, చలికోటు కొనిపెట్టడం మనకు చేతనైన పనులే. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాం. వారం తిరిగేసరికి అసలు ప్రశ్న వస్తుంది: "మావయ్యా, ఏ కోర్సులు తీసుకోమంటావు?" అక్కడ మనం తడబడతాం. తడబడ్డామని ఒప్పుకోలేం కనక, నోటికి వచ్చింది చెప్పేస్తాం.

నేనూ అలాగే చెప్పాను. దాని ఫలితం ఇంకొకరింట్లో జరగకుండా ఉంటే బాగుండునని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా మేనల్లుడు వచ్చి రెండేళ్ళు దాటింది. కాకినాడ దగ్గర ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు చదివాడు. ఆ తరవాత రెండేళ్ళు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేరు టెస్టింగు పని చేశాడు. చురుకైనవాడే. వాడి చదువుకోసం బావగారు పిఠాపురంలో ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టారు. ఆ సంగతి అక్కయ్య నాతో చెప్పి, "వాడికి తెలియనివ్వకురా" అంది. వాడికి ముందే తెలుసునని నాకు చాలా తరవాత తెలిసింది.

రిజిస్ట్రేషను రోజున వాడు ఫోను చేసేసరికి నేను ఆఫీసులో ఏదో మీటింగుకి పరుగెడుతున్నాను. "మెషీన్ లెర్నింగు తీసుకో, ఉద్యోగాలన్నీ దాన్లోనే ఉన్నాయి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్సు కూడా మంచిదే. అల్గారిథమ్సు ఎలాగూ తప్పదంటున్నావు కనక అదీ మొదటే వదిలించుకో" అన్నాను. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. మా ఇంట్లో పాత కారు మార్చేముందు నేను ఆరు వారాలు వాకబు చేశాను!

ఇక్కడి ఎమ్మెస్ కట్టుబాటు తెలియనివారికోసం కొంచెం చెప్పాలి. చాలా యూనివర్సిటీల్లో మొత్తం 30 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు పది. జార్జియా టెక్‌లో లెక్క ఇదే. ఇల్లినాయ్ యూనివర్సిటీవారి ఎమ్.సి.ఎస్. పట్టాకి 32. స్టాన్‌ఫర్డ్‌లో మూడు నెలల క్వార్టర్లు కనక అక్కడ 45 యూనిట్లు. పైకి అంకెలు వేరైనా లోపల జరిగేది ఒకటే. ఎంచుకోవడానికి వందకు పైగా కోర్సులున్న పట్టీ ఒకటి చేతికిస్తారు. మన చేతిలో ఉండేవి మాత్రం పదో, తక్కువో. అందులోనూ కొన్ని యూనివర్సిటీవారే నిర్ణయిస్తారు: థియరీలో ఒకటి, సిస్టమ్సులో ఒకటి, కృత్రిమ మేధలో ఒకటి అని వేరువేరు శాఖల్లో కొన్ని చదివితీరాలంటారు. చివరికి మన ఇష్టానికి మిగిలేవి ఐదో ఆరో. వాటిలో రెండు పాడుచేసుకుంటే ఇక చదువులో మన ముద్ర ఏముంటుంది?

మా వాడు తీసుకున్న మూడూ మంచి కోర్సులే. కాని మూడూ మూడు రకాల ముందు చదువును అడుగుతాయి. మెషీన్ లెర్నింగుకి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాలిక్యులస్ బాగా రావాలి. ఉద్యోగాలు చూపించి ఆకర్షించే ఆ కోర్సు లోపల ఉన్నదంతా మేట్రిక్సులూ, గ్రేడియంట్లూ, బేయిస్ సూత్రమూను. చాలామంది ప్రొఫెసర్లు మొదటి వారంలోనే 'హోంవర్కు సున్న' అని ఒకటి ఇస్తారు. దానికి మార్కులుండవు. అది చేయలేకపోతే ఈ కోర్సు ఇప్పుడే వద్దని మర్యాదగా చెప్పడమన్నమాట. మా వాడు మార్కులు లేవుగదా అని దాన్ని పక్కన పెట్టాడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఆ లెక్కలన్నీ పాసయ్యాడు, నిజమే. గత ఐదేళ్ళ ప్రశ్నపత్రాలు చూసి, వచ్చేవి ఎంచి, రెండు యూనిట్లు వదిలేసి పాసవడం మనందరికీ తెలిసిన విద్యే కదా.

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్సు సంగతి మరోలా ఉంటుంది. అందులో లెక్కలు తక్కువ, ప్రోగ్రాములు ఎక్కువ. ఎమ్.ఐ.టి.వారు ఇదే సబ్జెక్టు పాఠాలనీ, లేబ్ పనులనీ అందరికీ అందుబాటులో ఉంచారు, చూసినవారికి తెలుస్తుంది. 2004లో గూగుల్‌వారు ప్రకటించిన మేప్‌రెడ్యూస్‌ని విద్యార్థి తన చేత్తో చిన్న ఎత్తున కట్టాలి. తరవాత 2014లో స్టాన్‌ఫర్డ్ నించి ఒంగారో, ఔస్టర్‌హౌట్ అనేవారు ప్రకటించిన రాఫ్ట్ పద్ధతిని అమలుచేయాలి. కొన్ని యంత్రాలు చచ్చిపోయినా, వార్తలు దారిలో పోయినా, మిగిలినవన్నీ ఒకే మాటమీద నిలబడేట్టు చేయడం ఆ పద్ధతి లక్ష్యం. వందసార్లు నడిపితే తొంభైతొమ్మిదిసార్లు సరిగా నడిచి ఒక్కసారి తప్పుతుంది. ఆ ఒక్క తప్పు పట్టుకోవడానికి మూడు రాత్రులు పోతాయి. ఆపరేటింగు సిస్టమ్సు గట్టిగా చదివి, థ్రెడ్లు, లాకులు చేత్తో రాసినవాడికే కష్టం; ఎలక్ట్రానిక్సు నించి వచ్చినవాడి గతి వేరే చెప్పాలా? ఇక అల్గారిథమ్సులో ప్రోగ్రాము రాయడంతో పని అయిపోదు, అది ఎందుకు సరైనదో రుజువు చేయాలి. మా వాడు పుట్టి బుద్ధెరిగాక రుజువు రాసింది పదో తరగతి జామెట్రీలో.

మన పద్ధతిలో సంవత్సరాంతంలో ఒక పరీక్ష. అంతవరకూ తిరిగి, చివర నెల కళ్ళు కాయలు కాచేలా చదివితే గట్టెక్కవచ్చు. ఇక్కడ పద్నాలుగు, పదిహేను వారాలలో ప్రతి వారమూ ఏదో ఒకటి అప్పగించాలి. మూడు కోర్సులంటే క్లాసులో వారానికి తొమ్మిది గంటలేగా అనుకుంటారు కొత్తవాళ్ళు. దానికి మూడింతలు ఇంటి దగ్గర పెట్టుకోవాలి, ప్రాజెక్టు వారమైతే లెక్కే లేదు.

అక్టోబరు మూడో వారంలో, రాత్రి ఒంటిగంటకు ఫోను. మెషీన్ లెర్నింగు మిడ్‌టర్ములో 100కి 34. రాఫ్ట్ లేబు గడువు రెండు రోజుల్లో, అది ఇంకా సగం కూడా కాలేదు. రెండు రోజులుగా సరిగా నిద్ర లేదుట. "మావయ్యా, ఒక కోర్సు డ్రాప్ చేసేస్తున్నాను. కంప్యూటరు మీద బటను నొక్కితే చాలు, అయిపోతుంది" అన్నాడు. నేను "సరేరా, ఆరోగ్యం ముఖ్యం. అలాగే చెయ్యి" అన్నాను. అనేశాను, పాఠకులు క్షమించాలి.

పక్కన పడుకున్న మా ఆవిడ దిగ్గున లేచింది. ఫోను లాక్కుని, "ఒరేయ్, బటను మీద చెయ్యి వెయ్యకు. పొద్దున్నే మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి వెళ్ళు. ఆ తరవాతే ఏదైనా" అంది. వీసా సంగతులు ఆవిడకు గుర్తున్నట్టు నాకు లేవు. పౌరసత్వం వచ్చి ఇన్నేళ్ళయ్యాక నాకు అవన్నీ ఎప్పుడో చూసిన సినిమాలా అయిపోయాయి.

ఎఫ్-1 వీసా మీద చదివేవారు ప్రతి సెమిస్టరులోనూ పూర్తికాలపు విద్యార్థిగా ఉండాలి. ఎమ్మెస్‌కి చాలా చోట్ల అది తొమ్మిది క్రెడిట్లు. మూడు కోర్సుల్లో ఒకటి ముందస్తు అనుమతి లేకుండా వదిలేస్తే ఆరే మిగులుతాయి, వీసా హోదా పోతుంది. మార్కులు పోతే తిరిగి తెచ్చుకోవచ్చు. హోదా పోతే పెట్టె సర్దుకోవలసి రావచ్చు. అయితే చట్టంలోనే ఒక కిటికీ ఉంది. చదువులో మొదట్లో వచ్చే ఇబ్బందులకి, అంటే ఇక్కడి బోధనా పద్ధతి అలవాటు లేకపోవడం, స్థాయికి మించిన కోర్సులో చేరడం వంటివాటికి, ఆ ఆఫీసులో నియమితుడైన అధికారి తక్కువ క్రెడిట్లకు అనుమతి ఇవ్వవచ్చు. కోర్సు వదలకముందే ఇవ్వాలి. ఒక చదువు స్థాయిలో ఈ కారణం మీద ఒక్కసారే దొరుకుతుంది. పూర్తి బరువులో కనీసం సగమైనా చదువుతూ ఉండాలి. అనారోగ్యానికి వేరే నిబంధనలున్నాయి.

మా వాడు పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. ఎడ్వైజరు చేత రాయించుకు రమ్మన్నారు, రాయించుకు వచ్చాడు, అనుమతి వచ్చింది. మెషీన్ లెర్నింగు వదిలాడు. మార్కుల పట్టికలో దాని ఎదురుగా డబ్ల్యూ అనే అక్షరం పడింది. ఫీజు మాత్రం వాపసు రాలేదు. ఆ గడువు సెప్టెంబరులోనే దాటిపోయింది. పిఠాపురం ఇంటి మీద అప్పులో ఒక కోర్సు వంతు అలా గాలిలో కలిసిపోయింది. అక్కయ్యకి నేనే చెప్పాను. "పిల్లవాడు తిన్నాడా?" అని మాత్రం అడిగింది.

ఆ క్రిస్మసు సెలవుల్లో వాడిని ఇంటికి పిలిపించి, వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి, మూడు సెమిస్టర్లకీ కలిపి ఆలోచించాం. మొదటి రోజునే చేయవలసిన పని! చివరి నించి వెనక్కి నడిస్తే దారి తెలుస్తుందని అప్పుడు అర్థమైంది. ఆఖరి సెమిస్టరులో తీసుకోదలచిన పెద్ద కోర్సుకి ముందు ఏది చదవాలి, దానికి ముందు ఏది? ఆ కోర్సు ప్రతి సెమిస్టరూ ఉంటుందా, శరత్కాలంలోనే ఉంటుందా, రెండేళ్ళకొకసారా? పట్టీలో పేరున్నంత మాత్రాన కోర్సు నడుస్తున్నట్టు కాదు. చెప్పే ప్రొఫెసరుగారు సెలవు మీద ఉంటే అదీ లేదు. రెండో సెమిస్టరుకి వాడు ప్రాబబిలిటీ తీసుకున్నాడు, బి.ఎస్. విద్యార్థుల క్లాసులో కూర్చుని. దాని క్రెడిట్లు పట్టాలో కలవలేదు. "దండగ కదా మావయ్యా" అన్నాడు. దండగే. దానితోపాటు డేటాబేసులు, ఆపరేటింగు సిస్టమ్సు చదివాడు. మూడో సెమిస్టరులో మళ్ళీ మెషీన్ లెర్నింగులో చేరి ఎ-మైనస్ తెచ్చుకున్నాడు. మొదటిసారి గోడలా కనిపించిన 'హోంవర్కు సున్న' ఈసారి ఒక మధ్యాహ్నంలో అయిపోయిందిట.

కంప్యూటర్ సైన్సు చదవనివారు ఇలా అడుగు పొలాన్ని మళ్ళీ దున్నుకోవడంలో నామోషీ ఏమీ లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1958లో గిండీలో పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజనీరింగులో. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్సు డాక్టరేటు, 1994లో ట్యూరింగ్ బహుమతి తరవాత సంగతులు.

ఉద్యోగాలకి ఏది మంచిదన్న ప్రశ్నకి కూడా నాకు తోచింది చెబుతాను. నేను 1984లో చదువుకు వచ్చినప్పుడు ఎక్స్‌పర్ట్ సిస్టమ్సు జ్వరం దేశమంతా ఉంది. జపానువారు 1982లో ఐదో తరం కంప్యూటర్ల ప్రణాళిక మొదలుపెట్టారు, ఇక లిస్పు, ప్రోలాగు రానివాడికి అన్నం పుట్టదన్నారు. నేనూ రెండు కోర్సులు చదివాను. ఆ దశాబ్దం ముగియకుండానే లిస్పు యంత్రాలు అమ్మే కంపెనీల బజారు కూలిపోయింది. మూడోది వేరే క్లాసులో చోటు లేక, అయిష్టంగా కంపైలర్ల కోర్సులో చేరాను. 1986లో వచ్చిన, అట్ట మీద డ్రాగను బొమ్మ ఉన్న పుస్తకం మాకు పాఠ్యగ్రంథం. టెర్మినలు దొరకడానికి రాత్రి రెండింటిదాకా కాచుకుని ఒక చిన్న పాస్కల్ కంపైలరు రాశాను. నా ఉద్యోగ జీవితంలో మళ్ళీ ఎన్నడూ కంపైలరు రాయలేదు. అయినా ఇవాళ్టికీ ఏ కొత్త భాష ఎదురైనా భయం వేయదంటే ఆ కోర్సు పుణ్యమే.

తరవాత చూసినవి మీకూ తెలుసు. 1990ల చివర రెండువేల సంవత్సరపు సమస్యకోసం కోబాలు నేర్చుకున్నవారు మనలో ఎంతమంది లేరు! 2010 ప్రాంతాల్లో హడూపు, బిగ్ డేటా అన్నారు. 2012లో బొమ్మలు గుర్తుపట్టే పోటీలో న్యూరల్ నెట్‌వర్కు గెలిచింది, 2017లో ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది, ఇప్పుడు మాట్లాడే యంత్రాలన్నీ దాని సంతానమే. ప్రతి అలలోనూ పిల్లలు పైన కనిపించే నురగకోసం పరుగెత్తారు. కాడ్ 1970లో చెప్పిన రిలేషనల్ పద్ధతి మీద బ్యాంకులు ఇప్పటికీ నడుస్తున్నాయి. 1971లో కుక్, 1972లో కార్ప్ తేల్చిన కఠిన సమస్యలు ఇప్పటికీ కఠినంగానే ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరు విప్పిచూస్తే లోపల మేట్రిక్సు గుణకారాలే. అందుచేత పదింటిలో ఐదారు ఇటువంటి గట్టి పునాది కోర్సులు ఉండాలనీ, రెండు మాత్రం ఆనాటి కొత్త గాలికి వదలవచ్చనీ నా అభిప్రాయం. ఒకటి కేవలం ఆ ప్రొఫెసరు బాగా చెబుతారన్న కారణంచేత తీసుకున్నా తప్పులేదు. మా ఆఫీసులోనే నాతో ఒప్పుకోనివారున్నారు. కొత్త విద్య ఎక్కువ చదివితేనే మొదటి ఉద్యోగం దొరుకుతుందని వారి వాదన. అప్పు నెత్తిమీద ఉన్నవాడికి మొదటి ఉద్యోగమే ముఖ్యమన్న మాట నేనూ కాదనలేను.

సీనియర్లు ఇచ్చే 'సులువుగా ఎ వచ్చే కోర్సుల' జాబితా గురించి ఒక ముక్క. సెమిస్టరుకి ఒకటి అటువంటిది ఉండడం తెలివే. రుజువుల కోర్సు ఒకటి, ప్రాజెక్టు కోర్సు ఒకటి, కాస్త ఊపిరి తీసుకునేది ఒకటి కలిపితే బండి నడుస్తుంది. రెండు ప్రాజెక్టు కోర్సులు కలిపితే గడువులు ఒకే వారంలో వచ్చి పడతాయి. అయితే ఆ జాబితాతోపాటు పాత కోడు కూడా ఇస్తుంటారు, అది ముట్టుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. కోడు పోలికలు పట్టే మాస్ అనే సాధనం 1994 నించి వాడుకలో ఉంది. పేర్లు మార్చినా, వరసలు అటూఇటూ చేసినా పట్టేస్తుంది. మన దగ్గర స్నేహితుడికి రికార్డు ఇవ్వడం మంచితనం. ఇక్కడ తీసుకున్నవాడితోపాటు ఇచ్చినవాడినీ నిలబెడతారు. కృత్రిమ మేధ చేత రాయించడం గురించి ఒక్కో ప్రొఫెసరుది ఒక్కో పద్ధతి. సిలబసు కాగితంలో ఉంటుంది, మొదటి రోజే చదవాలి.

థీసిస్ రాయాలా అని కొందరు అడుగుతారు. పిహెచ్.డి. ఆలోచన ఉంటే రాయాలి, లేకపోతే అవసరం లేదు. అంతకుమించి చెప్పడానికి లేదు.

ఆన్‌లైను కోర్సులు సులువని మూడూ అవే తీసుకుందామనుకునే పిల్లలకు మళ్ళీ వీసా అడ్డం వస్తుంది. పూర్తికాలపు లెక్కలో సెమిస్టరుకి ఒక్క ఆన్‌లైను కోర్సే, మూడు క్రెడిట్ల వరకే చెల్లుతుంది. చివరి సెమిస్టరులో ఒక్క కోర్సే మిగిలి ఉంటే అది ఆన్‌లైనుది కాకూడదు. అలాగే చదువుతూ చేసే ఉద్యోగ శిక్షణ, సి.పి.టి., పూర్తికాలం పన్నెండు నెలలు వాడేస్తే చదువయ్యాక వచ్చే ఓ.పి.టి. పోతుంది. ఇటువంటి నిబంధనలు మారుతుంటాయి. మన మాట కాకుండా ఆ ఆఫీసు మాటే వినమనండి.

మనలో ఉద్యోగం చేస్తూ చదువుదామనుకునే కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్నారు. వారికి ఈ వీసా బెడద లేనట్టయితే జార్జియా టెక్‌వారు 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైను ఎమ్మెస్ ఉంది. మొత్తం చదువు ఏడువేల డాలర్ల లోపే అవుతుందని ఆనాడు ప్రకటించినప్పుడు మనవాళ్ళెవరూ నమ్మలేదు. చవక కదా అని తేలిక అనుకోవద్దు. చేరిన పన్నెండు నెలల్లో రెండు పునాది కోర్సుల్లో బి గాని అంతకన్న మంచి గ్రేడు గాని తెచ్చుకోవాలి. చంటిపిల్లలున్నవారు సెమిస్టరుకి ఒక్క కోర్సే పెట్టుకుంటే మంచిది. అక్కడ చాలామంది అలాగే చేస్తారు.

మా వాడు మొన్న మే నెలలో పట్టా పుచ్చుకున్నాడు. ఇప్పుడు ఒక డేటాబేసు కంపెనీలో చేస్తున్నాడు. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది థ్రెడ్లూ లాకుల గురించేనట. జీతంలోంచి నెలనెలా బావగారికి పంపుతున్నాడు. ఇల్లు ఇంకా బ్యాంకు దగ్గరే ఉంది.

వసంతకాలపు సెమిస్టరు రిజిస్ట్రేషను చాలా చోట్ల నవంబరులోపల మొదలవుతుంది. మంచి కోర్సులు మొదటి రోజునే నిండిపోతాయి కనక ఈ దీపావళి సభకి మీ ఇంట చదువుకునే పిల్లలుంటే వెంటబెట్టుకు రండి. భోజనాలయ్యాక వెనక వరసలో బల్ల దగ్గర నేనూ, మా మేనల్లుడూ కూర్చుంటాం. యూనివర్సిటీ కోర్సుల పట్టీ, ఇండియాలో చదివిన మార్కుల జాబితా, రెండూ తెచ్చుకోవాలి. వీసా ప్రశ్నలున్నవారు మా ఆవిడని అడగండి. ఆవిడా చివరికి ఆ ఆఫీసుకే పొమ్మంటుందనుకోండి.